రోమన్ల సముద్రతీర విల్లాలు: సముద్రాన్ని ఎరిగి కట్టారా, ఆక్రమించి కట్టారా?

నేపుల్స్‌వాసి:
ఈ వేదికలో రోము అనగానే గ్లాడియేటర్లు, సీజర్ హత్య తప్ప ఇంకో మాట రావడం లేదు. అందుకని వేరే ప్రశ్న పెడుతున్నాను.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం చివరి నుంచి రోములోని సంపన్నులు సముద్రపు ఒడ్డున విల్లాలు కట్టుకోవడం మొదలుపెట్టారు. రోముకు దగ్గరలోని లారెంటం తీరం, ఫోర్మియే, నేపుల్స్ అఖాతం, కాప్రి దీవి, ఎక్కడ చూసినా ఇవే. మిసేనం నుంచి సొరెంటో దాకా ఇళ్లూ తోటలూ కలిసిపోయి ఒకే నగరంలా కనిపిస్తాయని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అన్నిటిలోకీ పేరుమోసింది నేపుల్స్ అఖాతంలోని బాయే అనే ఊరు. వేడినీటి బుగ్గలు, స్నానశాలలు, విందులు, చక్రవర్తుల విడిది. ఆ ఊరిలో ఒడ్డు వెంబడి కట్టినదంతా ఇప్పుడు నీటి అడుగున ఉంది. 2002లో దాన్ని నీటి అడుగు పురావస్తు పార్కుగా ప్రకటించారు. ఉద్యోగరీత్యా నేను దానికి దగ్గరలోనే ఉంటాను. నీరు తేటగా ఉన్న రోజున గాజు అడుగున్న పడవ ఎక్కితే పాలరాతి నేలలు కనిపిస్తాయి.

ప్రశ్న ఇది. ఈ విల్లాలు కట్టినవాళ్లు సముద్రం తీరుతెన్నులు తెలుసుకుని దానికి ఒదిగి కట్టారా? లేక డబ్బుంది కదా అని దాని మీదికి ఎక్కి కట్టారా? ఇక్కడ నా స్నేహితులు రెండు వర్గాలుగా చీలిపోయారు. మీరేమంటారు?

సున్నంబట్టీ:
నా ఓటు మొదటి దానికే.

ఉద్యోగమంతా రేవు పనుల్లో, ఉప్పునీటిలో కాంక్రీటు పోయించడంలో గడిచిపోయినవాణ్ని. మనం వాడే కాంక్రీటులో ఇనుప ఊచ ఉంటుంది. ఉప్పు లోపలికి చేరిందంటే ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది. యాభై ఏళ్లు నిలిస్తే కాంట్రాక్టరుకు సన్మానం చేయవచ్చు. బాయే దగ్గర రోమన్లు నీటిలో పోసిన దిమ్మలు రెండు వేల ఏళ్లుగా ఉన్నాయి. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ పాళ్లు కూడా చెప్పాడు: సముద్రపు పనికి సున్నం ఒక పాలు, ఆ ప్రాంతంలో దొరికే అగ్నిపర్వత బూడిద రెండు పాళ్లు. నీటిలోనే చెక్క పలకలతో అచ్చు బిగించి, అడుగు చదును చేసి, ఈ అడుసునూ రాళ్లనూ కలిపి దింపేవారు. అది నీటిలోనే బిగుసుకుంటుంది. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం ఉప్పునీరు ఆ కాంక్రీటు సందుల్లోకి ఇంకుతూ టోబర్మొరైట్ అనే ఖనిజపు పలుకులను లోపల పెంచుతూ పోతుంది. మన కాంక్రీటును తినే నీరే వాళ్ల కాంక్రీటుకు బలం. సముద్రంతో వైరం పెట్టుకున్నవాడి పని ఇలా ఉండదు.

చేపల చెరువుల సంగతి చూడండి. కొలుమెల్లా రాసిన వ్యవసాయ గ్రంథంలో దీనికో భాగమే ఉంది. బురద తీరమైతే నేలకు అంటుకుని ఉండే బల్లపరుపు చేపలు, రాతి తీరమైతే రాళ్ల సందుల్లో బతికే చేపలు, నీ తీరం ఏదైతే అదే పెంచు, వేరేది పెంచకు అంటాడు. కాలువ నోటికి సన్నటి రంధ్రాలున్న కంచు జల్లెడ బిగించాలి, నీరు రావాలి, చేప పోకూడదు. ఎండకు చేప అల్లాడకుండా గోడల్లో గూళ్లు పెట్టాలి. ఒడ్డున కూర్చుని ఏళ్ల తరబడి చూసినవాడే ఇది రాయగలడు.

పొద్దుతిరుగుడు:
అంత బాగా తెలిసినవాళ్లు మునిగిపోయారేమిటి మరి?

నేపుల్స్‌వాసి:
అది కట్టడం తప్పు కాదండీ. అక్కడ నేలే పైకీ కిందికీ కదులుతుంది. కింద అగ్నిపర్వత ప్రాంతం ఉంది. బాయేకు ఎదురుగా ఉన్న పొజ్జువోలీ పట్టణంలో రోమన్ల సంత కట్టడం తాలూకు మూడు పాలరాతి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటి నడుము భాగమంతా రాతిని తొలిచే సముద్రపు నత్తగుల్లలు చేసిన చిల్లులే. అంటే కట్టిన తర్వాత అక్కడిదాకా మునిగి, మళ్లీ తేలాయి. భూగర్భ శాస్త్రవేత్త లైయెల్ 1830లో తన పుస్తకానికి ముఖచిత్రంగా ఆ స్తంభాల బొమ్మనే వేసుకున్నాడు. 1982-84 మధ్య పొజ్జువోలీలో నేల దాదాపు 1.8 మీటర్లు లేచింది. 2005 నుంచి మళ్లీ లేస్తూనే ఉంది. రేవులో నీరు తగ్గి చిన్న పడవలు బురదలో కూరుకుపోతున్నాయి.

అలివివల:
సున్నంబట్టీ గారి వాదన బాగా కట్టాడు కాబట్టి న్యాయంగా కట్టాడు అన్నట్టుంది. గట్టి తాళం వేసినంత మాత్రాన ఇల్లు అతనిది అవుతుందా?

ఆ కాలం వాళ్లే ఏమన్నారో చూడండి. ప్రైవేటు మనుషులు కొండలు కూలదోసి సముద్రాల మీద కట్టడాలు లేపారని చరిత్రకారుడు సల్లస్ట్ రాశాడు. నేల చాలక బాయే దగ్గర ఒడ్డును నీటిలోకి నెట్టుకుంటూ పోతున్నారని, దిమ్మలు దింపుతుంటే చేపలకు కూడా సముద్రం ఇరుకైపోయిందని కవి హోరేస్ ఎద్దేవా చేశాడు. అఖాతం ఎక్కడ వంపు తిరిగితే అక్కడ మీరు పునాది వేస్తారని తత్వవేత్త సెనెకా ఉతికి ఆరేశాడు. ఇక సేనాని లుకుల్లస్ మహాశయుడు చేపల చెరువులోకి ఉప్పునీరు తేవడానికి నేపుల్స్ దగ్గర కొండనే తొలిపించాడు. విల్లాకు అయిన ఖర్చుకన్నా దానికి అయిందే ఎక్కువట. కొండను తొలిచి కాలువ తవ్వించిన పర్షియా రాజుతో పోల్చి, టోగా (రోమన్ల పై వస్త్రం) కట్టుకున్న జెర్క్సీస్ అని సేనాని పాంపే అతనికి పేరు పెట్టాడు.

చేపల చెరువుల గొప్ప కూడా చెప్పారు కదా, దాని రెండో ముఖం వినండి. హోర్టెన్సియస్ అనే ప్లీడరుకు బాయే పక్కనున్న బౌలీ దగ్గర ఖరీదైన చెరువులుండేవి. అందులో గులివింద జాతి ఎర్ర చేపలు. వాటిని తినడానికి మనసొప్పక తన విందులకు పొజ్జువోలీ సంత నుంచి చేపలు కొనిపించేవాడని, తాను అతని ఇంట్లో ఉండి చూశానని రోమన్ రచయిత వర్రో రాశాడు. పైగా ఆ పెంపుడు చేపల మేతకు చిన్న చేపలు పట్టి తెచ్చేందుకు ఎందరో జాలరులను పెట్టుకున్నాడు. సముద్రం పోటెత్తి చిన్న చేప దొరకని రోజున బజారు నుంచి ఉప్పుచేప కొనిపించి వేసేవాడు. అంటే ఊరి జనం తినాల్సిన చేప విల్లా చేపకు మేత. ఇదేనా సముద్రాన్ని ఎరిగిన తీరు?

కాఫీకప్పు:
చేపలకు ఉప్పుచేప మేత! ఈ ఒక్క వాక్యం కోసం వచ్చినందుకు గిట్టుబాటయింది.

సున్నంబట్టీ:
అలివివల గారూ, కవులను సాక్షులుగా పిలిచారు. సరే. హోరేస్‌కు పొలం ఇచ్చి పోషించింది ఎవరు? రోములోని మహా సంపన్నుల్లో ఒకడైన మెసీనస్. సెనెకా ఆస్తి గురించి చరిత్రకారుడు టాసిటస్ రాసింది 30 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు). చేపల చెరువుల పెద్దమనుషులని ఇతరులను వెక్కిరించిన వక్త సిసెరోకు ఫోర్మియేలో, క్యూమేలో, పాంపేయిలో విల్లాలున్నాయి. వీళ్ల నీతివాక్యాలు పట్టుకుని పర్యావరణ నివేదిక రాస్తారా?

ఇక లుకుల్లస్ కొండ. మీరు ఒక్క విషయం గమనించలేదు. మధ్యధరాలో ఆటుపోటు ఎంత? నేపుల్స్ దగ్గర అడుగు, మహా అయితే అడుగున్నర. అంత కాస్త తేడాతో రోజుకు రెండుసార్లు చెరువులో నీరు మార్పించాలంటే సొరంగం మట్టం అంగుళాల్లో సరిపోవాలి. కాస్త ఎత్తయితే నీరు రాదు, కాస్త పల్లమైతే చెరువు ఖాళీ కాదు. లుకుల్లస్ బాయేలో చెరువు నుంచి సముద్రానికి సొరంగం తవ్వి, దానికి అడ్డుగా కట్ట వేసి, పోటుకు నీరు లోపలికి, ఆటుకు బయటికి వచ్చేలా చేయమని వాస్తుశిల్పికి ఎంత ఖర్చయినా పెట్టుకోమన్నాడని మీ వర్రోనే రాశాడు. కొండ కూల్చడం కాదండీ అది, కొలత.

అలివివల:
నేను మేత గురించి అడిగితే మీరు ఆటుపోటు గురించి చెప్పారు.

సున్నంబట్టీ:
ఆటుపోటు తెలియకుండా చెరువు గురించి మాట్లాడకూడదు కాబట్టి.

లైబ్రరీమూల:
ఇద్దరూ బాయే చుట్టూనే తిరుగుతున్నారు. అది అతివల్ల పేరు తెచ్చుకున్న ఊరు. రోమన్ రచయిత చిన్న ప్లినీ తన లారెంటం విల్లా గురించి గాల్లస్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరం చూడండి. రోముకు 17 మైళ్లు, పని ముగించుకుని సాయంత్రానికి చేరుకోవచ్చు. భోజనశాల ఒడ్డు మీదికి పొడుచుకు వచ్చి ఉంటుంది. నైరుతి గాలి వీచి సముద్రం లేచినప్పుడు, విరిగిపోయిన అలల చివరి తడి మాత్రం దాని పాదాన్ని తాకుతుంది. మూడు వైపులా సముద్రం కనిపిస్తుంది, వెనక్కి తిరిగితే అడవి, దూరంగా కొండలు.

నాకు అన్నిటికన్నా నచ్చేది తోట గట్టు. దారి వెంబడి బాక్స్ అనే గుబురు మొక్క నాటాడు. భవనం నీడ ఉన్నచోట అది బాగా పెరుగుతుంది, ఆరుబయట సముద్రపు తుంపర పడితే ఎంత దూరంలో ఉన్నా ఎండిపోతుంది, అక్కడ రోజ్‌మేరీ వేశాం అంటాడు. ఏ మొక్క ఉప్పుగాలికి ఓర్చుకుంటుందో చూసి వేసుకున్నాడన్నమాట. పారే నీరు లేదు, కానీ ఎక్కడ తవ్వినా నీరే, సముద్రం పక్కనే అయినా చుక్క ఉప్పదనం ఉండదని ముచ్చటపడతాడు. ఆ తీరంలో మంచి చేప పెద్దగా దొరకదు, రొయ్య మాత్రం బాగుంటుంది అని కూడా దాచకుండా చెప్పాడు.

సున్నంబట్టీ:
నేను చెప్పేది సరిగ్గా ఇదే.

అలివివల:
అదే ఉత్తరంలో ఒడ్డంతా ఒకచోట కలిసికట్టుగా, ఒకచోట విడివిడిగా విల్లాలేనని, సముద్రం మీంచి చూస్తే ఎన్నో నగరాల్లా ఉంటుందనీ ఉంది. దాన్ని ఎందుకు వదిలేశారు లైబ్రరీమూల గారూ? ఒక ప్లినీ రోజ్‌మేరీ నాటుకుంటే ముచ్చటే. వరుసగా వందమంది ప్లినీలు కూర్చుంటే వాళ్ల స్నానశాలలకు కట్టెలు ఎక్కడివి? పక్క అడవివే. ఆ మాట కూడా ఆయనే రాశాడు, అడవులు కావలసినన్ని కట్టెలిస్తాయని. నీటి సంగతి సరే, అది లారెంటం అదృష్టం. నేపుల్స్ అఖాతానికి మంచినీరు కావాలంటే అగస్టస్ కాలంలో సెరినో కొండల్లోని ఊటల నుంచి 100 కిలోమీటర్లకు దగ్గర పొడవున కాలువ కట్టి తేవలసి వచ్చింది. మిసేనంలో నౌకాదళం కోసమన్నది నిజమే, కానీ దారిపొడవునా ఊళ్లూ విల్లాలూ తాగాయి.

మాగాణి:
పాముచేపలకు బానిసలను వేసినవాడు వీళ్లలోనేనా?

నేపుల్స్‌వాసి:
వేదియస్ పొల్లియో. అతని విల్లా పొసిల్లిపో కొండ మొన మీద ఉంది, శిథిలాలు చూడవచ్చు. ఒకరోజు అగస్టస్ విందులో ఉండగా గాజు పాత్ర పగలగొట్టిన కుర్రవాణ్ని చెరువులో పడేయమన్నాడు. చక్రవర్తి ఆ కుర్రవాణ్ని విడిపించి, ఇంట్లో ఉన్న గాజు పాత్రలన్నీ ఎదురుగా పగలగొట్టించి, చెరువు పూడ్పించాడని సెనెకా రాశాడు. వేదియస్ చనిపోతూ ఆ విల్లాను అగస్టస్‌కే రాసిచ్చాడు.

కాఫీకప్పు:
ఆ పాముచేపల ధర ఏపాటి ఉండేది?

లైబ్రరీమూల:
హిర్రియస్ అనే ఆయన సీజర్ విజయోత్సవ విందులకు 6,000 పాముచేపలు అరువిచ్చాడు. అమ్మలేదు, తూకం వేసి అరువిచ్చాడు, తిరిగి చేపలే కావాలన్నాడు. అతని విల్లా మామూలుదే, చెరువుల వల్ల 40 లక్షల సెస్టెర్సులకు పోయింది. ఇది చిన్న ప్లినీ మేనమామ పెద్ద ప్లినీ లెక్క.

అలివివల:
ఇక అసలు విషయానికి వస్తాను. సున్నంబట్టీ గారికి కవులు నచ్చలేదు కాబట్టి న్యాయవేత్తలను తెస్తున్నాను. వృత్తిరీత్యా నాకు ఇదే దగ్గర.

గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు ప్రకృతి ధర్మం ప్రకారం అందరివీ అని చక్రవర్తి జస్టీనియన్ క్రీస్తుశకం 533లో వెలువరించిన న్యాయ పాఠ్యగ్రంథంలో ఉంది. ఒడ్డు ఎంతవరకు? చలికాలంలో అన్నిటికన్నా పెద్ద అల ఎంతవరకు వస్తే అంతవరకు. మన దేశంలో 1991 తీర నియంత్రణ ప్రకటన పోటు గీతను పట్టుకుని 500 మీటర్లు లెక్కపెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు మాట ఇది. దిమ్మలు దింపినవాడికి ఆ దిమ్మల మీద హక్కు ఉంటుంది గానీ, దానివల్ల ఒడ్డుకో సముద్రానికో ఉన్న ఉపయోగం చెడేటట్టయితే అనుమతించకూడదని సెల్సస్ అనే న్యాయవేత్త తీర్పు చెప్పాడు.

ఉల్పియన్ అనే మరో న్యాయవేత్త మాట ఇంకా సూటిగా ఉంది. నా ఇంటి ముందు, నా విల్లా ముందు చేపలు పట్టకూడదని అడ్డుకోవడం వాడుకలో ఉంది, అయితే దానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు, అలా అడ్డుకున్నవాడి మీద అవమానం కింద దావా వేయవచ్చు. సముద్రంలో వల లాగకుండా ఆపడం గురించి కూడా అక్కడే చర్చ ఉంది. వాడుకలో ఉంది అన్న ముక్క చూడండి. అంటే తరిమేవాళ్లు. ఫోర్మియే జాలరులు చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చింది? చేపలు పట్టడానికి ఒడ్డుకు వెళ్లడాన్ని ఎవరూ ఆపకూడదు, విల్లాల జోలికి మాత్రం పోకండి అని ఆయన జవాబు ఇచ్చాడు. ఫోర్మియే అంటే విల్లాల వరుస. పడకగదిలో మంచం మీద నుంచే గాలం వేసి చేపను లాగవచ్చని మార్షల్ అనే కవి పొగిడిన విల్లా అక్కడిదే. మంచం మీద నుంచి గాలం వేసేవాడి కిటికీ కింద జాలరి పడవ ఉంటే అతను ఊరుకుంటాడా?

సున్నంబట్టీ:
చట్టం ఉంది, చక్రవర్తి జాలరులకు జవాబు ఇచ్చాడు, దావా వేసే దారి ఉంది. అంటే వ్యవస్థ పనిచేసింది. దీన్ని మీరు నా మీద ఆయుధంగా ఎలా వాడుతున్నారో అర్థం కాలేదు. మార్షల్ ఆ పద్యం చివర ఏమన్నాడో కూడా చెప్పండి. యజమాని రోములో పనుల్లో చిక్కుకుని రాలేడు, ఆ విల్లా సుఖమంతా కావలివాళ్లకూ గుమాస్తాలకూ దక్కుతుంది అన్నాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే ఇంటివల్ల తీరానికి వచ్చే నష్టం ఎంత?

ఆటుపోటు ప్రశ్నకు మాత్రం మీ దగ్గర జవాబు లేదు.

పొద్దుతిరుగుడు:
మళ్లీ ఆటుపోటేనా!

అలివివల:
వ్యవస్థ పనిచేసిందా? కాప్రిలో ఒక జాలరి పెద్ద చేప పట్టి, రాళ్లు పట్టుకుని పైకెక్కి తైబీరియస్ చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. తన ఏకాంతంలోకి వచ్చాడని ఉలిక్కిపడిన చక్రవర్తి ఆ చేపతోనే అతని ముఖం రుద్దించాడు. దెబ్బలు తింటూ, నయం, పట్టిన పెద్ద పీతను తేలేదు అని జాలరి అంటే, ఆ పీతను కూడా తెప్పించి దానితో ముఖం చీరించాడు. చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన సూటోనియస్ చెప్పిన సంగతి. దావా వేయాల్సిందంటారా?

మీకు ఇదంతా రెండు వేల ఏళ్ల కిందటి ముచ్చట. నాకు కాదు. మాది వలల మీద బతికిన ఇల్లు. అలివి వల అంటే తెలుసా మీకు? పడవ మీద వలను అర్ధచంద్రంలా వేసి వస్తారు, రెండు కొసల తాళ్లు ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతూ ఒకరి వైపు ఒకరు జరుగుతారు. అందుకు ఖాళీ ఇసుక గట్టు కావాలి, బాగా పొడవుగా కావాలి. మా ఊరి గట్టు వెనక సరుగుడు తోట కొని ఒక రిసార్టు కట్టారు. ముందు కంచె తోటకే వేశారు. తర్వాత గట్టు మీదికి గొడుగులు, కుర్చీలు వచ్చాయి. తర్వాత కావలివాడు వచ్చి, అతిథులకు చేపల వాసన ఇబ్బందిగా ఉంది, తాళ్లు అటు పక్కకు లాగండి అన్నాడు. మా నాన్న కాగితాలు పట్టుకుని తిరగని కార్యాలయం లేదు. ఎక్కడికి వెళ్లినా ఒడ్డు అందరిదే అన్నారు, వల లాగనిచ్చినవాళ్లు లేరు. మీరు ఒదిగి కట్టారు, ఒదిగి కట్టారు అంటుంటే నాకు ఆ కుర్చీలు గుర్తొస్తున్నాయి.

సున్నంబట్టీ:
ఎవరో రిసార్టువాడు చేసిన పాపానికి నన్ను బోనులో నిలబెట్టకండి.

మీ బాధ విన్నాను కాబట్టి నాదీ వినండి. తుఫానుకు తుఫానుకు ఒక ఊరు సముద్రంలోకి జారిపోతుంటే, ఊరివాళ్లే వచ్చి కాళ్లావేళ్లా పడితే, రాళ్ల కట్ట వేయించాను. గుడి నిలిచింది, బడి నిలిచింది. రెండేళ్లకు పక్క ఊరి ఇసుక కోసుకుపోవడం మొదలైంది. ఇసుక ఒడ్డు వెంబడి నడుస్తుంది, ఒకచోట ఆపితే అవతలి చోటుకు అందదు, ఆ సంగతి ముందే కాగితం మీద రాసి ఇచ్చాను. పక్క ఊరికి కూడా కట్ట కావాలని రాశాను. డబ్బు రాలేదు. పత్రికలో మాత్రం ఇంజినీరు నిర్వాకం అని వచ్చింది. ఆ పక్క ఊరి జాలరులు నన్ను జీపు దిగనివ్వలేదు. అప్పటి నుంచి ఒక్కటే అనుకుంటున్నాను. అందరిదీ అన్న తీరాన్ని ఎవరూ చూసుకోరు. సొంతం అనుకున్నవాడే చూసుకుంటాడు. ప్లినీ రోజ్‌మేరీ నాటింది తనది కాబట్టే. లుకుల్లస్ చెరువు నీరు చల్లగా ఉంచాలని తాపత్రయపడింది తనది కాబట్టే. అందరిదీ అయితే ఆ సొరంగంలో ఏడాదికే ఇసుక మేట వేసేది.

అలివివల:
ఇప్పుడు దారికి వచ్చారు. కాంక్రీటు, జల్లెడలు, ఆటుపోట్లు అన్నీ పైపూత. మీ మాట ఇదీ: తీరం ఎవరో ఒకరి సొంతం కావాలి. ఇది మొదటే చెబితే ఇంత రాసేవాణ్ని కాదు.

సున్నంబట్టీ:
సొంతం అనలేదు. బాధ్యత అన్నాను.

అలివివల:
సొంతం అనుకున్నవాడే అని మీరే రాశారు, పైకి వెళ్లి చూసుకోండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ సొంత ఊళ్ల గొడవ ఇక్కడితో ఆపి విషయానికి రండి. లేకపోతే ఈ చర్చకు తాళం వేస్తాను.

నేపుల్స్‌వాసి:
తాళం వద్దండీ, ఇప్పుడే రుచిగా మారింది.

మీ ఇద్దరి మధ్య ఒక మాట. మీరు తీరాన్ని ఒక గీతలా చూస్తున్నారు, ఒకరు దాన్ని కాపాడాలంటారు, ఒకరు దాటవద్దంటారు. ఇటలీలో ఆ గీత ఎక్కడా నిలవలేదు. ప్లినీ చూసిన లారెంటం ఒడ్డు ఇప్పుడు అడవి లోపల ఉంది, టైబర్ నది ఒండ్రు తెచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. పాంపేయికి దగ్గరలోని స్టేబియేలో కొండ అంచున వరసగా కట్టిన విల్లాల కిందికి అల వచ్చేది. క్రీస్తుశకం 79లో వెసువియస్ అగ్నిపర్వతం పేలాక ఆ తీరమే ముందుకు జరిగిపోయింది, ఇప్పుడు ఆ వరండాలోంచి చూస్తే ముందు ఊరు, ఆ తర్వాతే సముద్రం. బాయే మునిగింది. విల్లాలు పోయినా వాటి పాత చేపల చెరువులు మాత్రం శాస్త్రవేత్తలకు కొలబద్దలయ్యాయి. జల్లెడ, నడక గట్టు ఏ ఎత్తున ఉన్నాయో చూసి ఆనాటి నీటిమట్టం లెక్కకడతారు. 2004లో ఒక బృందం, సముద్రం అప్పటికన్నా దాదాపు 1.35 మీటర్లు పెరిగిందని తేల్చింది. తర్వాత వచ్చినవాళ్లు అంత కాదు, దాదాపు అర మీటరే పెరిగింది అన్నారు. ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

సున్నంబట్టీ:
ఆ అర మీటరు వాదన చేసినవాళ్లు ఆటుపోటు తేడాను ఎలా లెక్కలోకి తీసుకున్నారు? లంకె ఉంటే పెట్టండి.

లైబ్రరీమూల:
నేపుల్స్‌వాసి గారి మాటకు ఒక ముక్క కలుపుతాను. ఒడ్డు మీద కట్టినవాడికి ఆ నేల మీద హక్కు వస్తుంది, కానీ కట్టడం నిలిచి ఉన్నంత కాలమే. అది కూలిందంటే ఆ చోటు మళ్లీ పూర్వపు స్థితికి, అంటే అందరి ఉమ్మడికి తిరిగిపోతుంది. మార్సియన్ అనే న్యాయవేత్త రాశాడు. శత్రువుల చెర నుంచి విడుదలై వచ్చినవాడికి పాత హక్కులన్నీ తిరిగి దక్కినట్టే ఇదీ అని పోల్చాడు.

అలివివల:
లైబ్రరీమూల గారూ, ధన్యవాదాలు. తీరం చెరలో ఉందని నేను ఇంత కష్టపడి చెప్పిన మాటను ఆయన ఒక్క పోలికలో చెప్పేశాడు.

సున్నంబట్టీ:
కట్టడం నిలిచినంత కాలం నేల కట్టినవాడిదే అని కూడా అదే వాక్యంలో ఉంది. రెండు వేల ఏళ్లు చెదరని కాంక్రీటు ఎందుకు పోశాడో ఇప్పుడైనా అర్థమైందా?

అలివివల:
దిమ్మ నిలిచింది, విల్లా నిలవలేదు. కప్పు లేదు, గోడ లేదు, యజమాని లేడు. కాబట్టి బాయే ఇప్పుడు అందరిదీ. నేపుల్స్‌వాసి గారూ, అక్కడి జాలరులు ఆ శిథిలాల మీద వల వేస్తున్నారా? అది ఒక్కటి చెప్పండి.

నేపుల్స్‌వాసి:
లేదండీ. పార్కులో ముఖ్యమైన భాగంలో చేపలు పట్టడం, లంగరు వేయడం నిషేధం. అనుమతి ఉన్న మార్గదర్శితో కలిసి డబ్బు కట్టి నీటిలోకి దిగవచ్చు. నిషేధం లేకపోతే లంగర్లు తగిలి మొజాయిక్ నేలలు ఎప్పుడో ముక్కలయ్యేవి.

సున్నంబట్టీ:
అదీ సంగతి. ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

అలివివల:
కాపలా ఉండనివ్వండి. ఎవరి తరఫున అన్నదే నేను మొదటి నుంచీ అడుగుతున్నాను.

కాఫీకప్పు:
ఇంతకూ హిర్రియస్‌కు సీజర్ ఆ 6,000 చేపలు తిరిగి ఇచ్చాడా?